వాగ్దానం నెరవేరలేదు, నిరీక్షణ పోయింది. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాలుగెకరాల చేను ఉంది. రెండేళ్లుగా శెనక్కాయ చేతికి రాలేదు. వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయి, మూడోది 600 అడుగులు దించాం. మా ఆయన బెంగుళూరుకు బేల్దారి పనికి పోయాడు. పోయిన డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు యిర్మీయా 29:11 వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకునే బైబిలు వచనం ఉన్న కార్డు) వచ్చింది. ఈ ఏడాది మా అప్పులన్నీ తీరిపోతాయని సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. ఏడాది అయిపోవచ్చింది, అప్పు ఇంకా పెరిగింది. వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటున్నాను. మోకరిస్తే మాట రావడం లేదు. రాత్రిళ్లు సరిగా నిద్ర లేదు. “నీకు విశ్వాసం చాలలేదు” అని సంఘంలో ఒక అక్క అంది. అప్పటి నుంచి గుడికి పోవాలంటే సిగ్గేస్తోంది. పదో తరగతి చదివే మా అబ్బాయి “దేవుడు మాట తప్పాడా అమ్మా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. నా విశ్వాసం పోయినట్టేనా? నిరీక్షణ మళ్లీ ఎలా వస్తుంది?

సమాధానం:

అమ్మా, ప్రభువు నామంలో వందనాలు. మీ విశ్వాసం పోలేదు. పోయి ఉంటే మాట రాకపోయినా మోకరించేవాళ్లు కాదు, ఈ ఉత్తరం రాసేవాళ్లు కాదు. దెబ్బ తగిలింది మీ నిరీక్షణకు. అది ఎక్కడ తగిలిందో చూస్తే ఎలా బాగవుతుందో కూడా తెలుస్తుంది. అందుకే ముందు ఆ కార్డు దగ్గరికే వెళ్దాం.

కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది. దాని ముందూ వెనకా ఏముందో ఈ వారం చదవండి. యిర్మీయా 27, 28, 29 అధ్యాయాలు, రోజుకు ఒకటి చొప్పున మూడు రోజులు చాలు. క్రీ.పూ. 597లో బబులోను రాజు యెరూషలేము నుంచి రాజునూ, పెద్దలనూ, పనివాళ్లనూ చెరపట్టి తీసుకుపోయాడు. మిగిలినవాళ్లకు ఒకటే ప్రశ్న, వాళ్లు ఎప్పుడు తిరిగొస్తారు? హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తుందని చెప్పాడు. బబులోను రాజుకు లోబడాలన్న దేవుని మాటకు గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. జనానికి ఎంత సంతోషం కలిగి ఉంటుందో ఊహించండి. అది దేవుడు పలికిన మాట కాదని 28వ అధ్యాయమే చెప్తోంది. రెండు నెలలకు హనన్యా చనిపోయాడు. ఆ తర్వాతి అధ్యాయంలో యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, 70 ఏళ్లు నిండాక దేవుడు మిమ్మల్ని దర్శిస్తాడు అని. 10వ వచనం ఈ 70 ఏళ్ల మాట. దాని వెంటనే వచ్చే 11వ వచనం మీ కార్డు.

అంటే “రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా” అన్న మాటను మొట్టమొదట విన్నవాళ్లలో ముప్పై, నలభై ఏళ్లు దాటినవాళ్లు సొంత ఊరు మళ్లీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా దేవుడు వాళ్లకు అబద్ధం చెప్పలేదు. ఆయన తలంపు వాళ్ల మీద నుంచి తొలగిపోలేదు. వాళ్లు చెరలో కట్టుకున్న ఇళ్లలో, నాటుకున్న తోటల్లో ఆయన వాళ్లతోనే ఉన్నాడు. మీ కార్డు మీద “ఈ ఏడాది” అన్న మాట లేదు. అది డిసెంబరు 31 రాత్రి ఉత్సాహంలో వచ్చి చేరింది. దేవుడు పెట్టని గడువును ఆయన మాటకు కట్టాం. గడువు దాటగానే ఆయన మాటే తప్పిపోయినట్టు కనబడింది. తప్పంతా మీ మీద వేసుకోకండి. వచనాన్ని విడిగా కత్తిరించి చేతిలో పెట్టినప్పుడు ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు. కార్డులు పంచే సంఘ పెద్దలకు మా విన్నపం ఒకటుంది. వచనం పక్కన ఆ అధ్యాయం ఎవరికి, ఏ స్థితిలో రాశారో రెండు వరుసలు అచ్చు వేయించండి. లేదంటే జనవరిలో అందరూ ఆ అధ్యాయాలు కలిసి చదివేలా ఒక కూడిక పెట్టండి. ప్రతి ఏటా ఇలా నలిగిపోయే మనసులు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి.

మరి క్రైస్తవుడి నిరీక్షణ దేని మీద నిలబడాలి? “విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపము” అని హెబ్రీ 11:1. మనం దేనికోసం నిరీక్షిస్తున్నామో దానినే విశ్వాసం పట్టుకుంటుంది. నిరీక్షణను బోరు నీళ్ల మీద పెడితే బోరు ఎండిన రోజు విశ్వాసం తూలుతుంది. మీకు జరిగింది ఇదే. పేతురు మొదటి పత్రిక 1:3 మన నిరీక్షణకు పునాది ఎక్కడుందో చెప్తుంది. యేసుక్రీస్తు మృతులలోనుండి లేవడంలో ఉంది. అది ఇకముందు జరగాల్సింది కాదు, జరిగిపోయింది. 1 కొరింథీయులు 15లో పౌలు సాక్షుల వరుస ఇస్తాడు: కేఫా (పేతురు), పన్నెండుగురు, ఒకే సమయంలో 500 మందికి పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరూ, చివరికి తాను. ఆ 500 మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు. అంటే కావాలంటే వెళ్లి అడగొచ్చు. ఆయన లేచాడు గనుక మనమూ లేపబడతాం, పాపం క్షమించబడింది, మన కన్నీళ్లు ఆయన తుడుస్తాడు, ఏ అప్పూ ఏ కరువూ ఆయన ప్రేమ నుంచి మనల్ని విడదీయదు. నిరీక్షణ ఇంతవరకు గట్టిగా పలకగలదు. ఫలానా నెలలో అప్పు తీరుతుందని మాత్రం అది పలకదు. దానికోసం కూతురు తండ్రిని అడిగినట్టు అడగొచ్చు, రోజూ అడగొచ్చు. అడగడం వేరు, దేవుడు మాటిచ్చాడని ప్రకటించడం వేరు.

ఈ రెండింటినీ కలిపేసుకోకుండా ఉండటానికి హబక్కూకు 3:17-18 దగ్గర పెట్టుకోండి. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ కాపు లేకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు ఆ ప్రవక్త. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురంలో ఈ మాటలకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. 1876-78 ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. మీ ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ కరువులోనూ, ఆ తర్వాతా యేసును నమ్ముకున్న కుటుంబాలు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి. ప్రతి ఏడూ పైరు పండుతుందన్న భరోసా వాళ్లకు ఏనాడూ లేదు.

“విశ్వాసం చాలలేదు” అన్న ఆ అక్క మాట గురించి. హెబ్రీ 11లో విశ్వాసం వల్ల సింహాల నోళ్లు మూసినవాళ్లున్నారు. అదే అధ్యాయం 35వ వచనం మధ్యలో “కొందరైతే” అని మలుపు తిరిగి, దెబ్బలు తిన్నవాళ్లు, బంధకాల్లో ఉన్నవాళ్లు, గొర్రె చర్మాలు కప్పుకొని తిరిగినవాళ్లు వస్తారు. ఇద్దరి విశ్వాసమూ ఒక్కటే అని 39వ వచనం. యోబు స్నేహితులు కూడా కష్టానికి కారణం యోబులోనే వెతికారు. వాళ్లు తన గురించి సరిగా మాట్లాడలేదని దేవుడు 42:7లో వాళ్లతోనే అన్నాడు. ఆమె మీద కోపం పెట్టుకోకండి, ఆమె మాటను మాత్రం మనసులో పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఏం చేయాలో. మొట్టమొదట ఉపవాసం ఆపండి. మీరు ఆశ్చర్యపోతారేమో. 1 రాజులు 19లో ఏలీయా బదరీచెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి అతన్ని గద్దించలేదు, ఉపవాసం ఉండమనలేదు. లేచి భోజనం చెయ్యి అన్నాడు. రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత 40 రోజుల ప్రయాణం చేసి హోరేబు చేరాకే. వారానికి మూడు రోజులు తినక, రాత్రి నిద్రపోక, పగలు పని చేసే ఒంటికి నిరాశ ఇంకా నల్లగా కనబడుతుంది. కనీసం ఆరు వారాలు మూడు పూటలా తినండి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే ఆ తర్వాత కూడా డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకపోయినా, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అదే రోజు 14416 కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నెంబరు. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే ఈ రోజే ఊళ్లో నమ్మకమైనవాళ్ల ఇంట్లో పెట్టించండి. డాక్టరు దగ్గరికి పోవడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడే మందునూ ఇస్తాడు.

ప్రార్థనలో మాట రానప్పుడు మాట అరువు తెచ్చుకోవాలి. కీర్తన 13 తీసుకోండి, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాలు గొంతెత్తి చదవండి. “ఎన్నాళ్లవరకు”, “ఎంతవరకు” అని దావీదు మళ్లీ మళ్లీ అడుగుతాడు. అక్కడ ఆగి మీ సంగతి చెప్పండి. 600 అడుగుల బోరు, బాకీ ఉన్నవాళ్ల పేర్లు, బెంగుళూరులో ఉన్న ఆయన, సిగ్గు, అన్నీ. కోపం ఉంటే కోపంగానే చెప్పండి. తర్వాత 3, 4 వచనాలు చదివి ఒక్క మనవి అడగండి. ఆ రోజుకు ఒకటే. తర్వాత 5, 6 వచనాలు చదవండి. “నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను” దగ్గర మనసు ఒప్పుకోకపోయినా చదివేయండి. దావీదు మాటను మీ నోటితో పలుకుతున్నారు, అంతే. మొత్తం పది నిమిషాలు దాటనివ్వకండి. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. మొదటి వారం ఇంతకు మించి ఏమీ పెట్టుకోవద్దు.

ఇందులో జనం రెండు చోట్ల తప్పుతారు. మొదటి రెండు వచనాలూ దాటేసి నేరుగా స్తోత్రాలకు పోతారు. చెప్పుకోని దుఃఖం లోపలే ఉండిపోయి, నాలుగు రోజులకు స్తోత్రం ఉత్త మాటలా అనిపిస్తుంది. లేదా మొదటి రెండు వచనాల దగ్గరే గంటలకొద్దీ ఏడుస్తూ ఉండిపోతారు. అప్పుడు ఒళ్లు అలసిపోతుంది, చివరి వచనాలు ఎన్నటికీ రావు. పది నిమిషాల లెక్క అందుకే. ఏ రోజైనా 5వ వచనం అసలు గొంతు దాటకపోతే కీర్తన 88 చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది. అలా ముగిసే ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉంది, దేవుడు దాన్ని తీసేయలేదు.

రెండో వారం నుంచి ఒక నోటు పుస్తకం పెట్టండి. విలాపవాక్యములు 3:21 చూడండి: “నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది.” యెరూషలేము కాలిపోయి, పిల్లలు ఆకలితో వీధుల్లో పడిపోతున్న రోజులవి. జ్ఞాపకం ముందు, ఆశ తర్వాత. ఆశను మనసులో గుంజి పుట్టించలేం, జ్ఞాపకాన్ని మాత్రం చేతులారా పెట్టుకోవచ్చు. ఎడమ పేజీలో క్రీస్తు చేసినదాని గురించి ఒక వచనం. రోమా 8, 1 కొరింథీ 15, 1 పేతురు 1 అధ్యాయాల నుంచి రోజుకొకటి రాస్తే నెలన్నర దాకా సరిపోతాయి. కుడి పేజీలో మీ ఇంట్లో నిజంగా జరిగిన ఒక మేలు. ఎప్పుడు, ఎవరి ద్వారా, ఎంత. “దేవుడు ఎంతో మేలు చేశాడు” అని రాయకండి, అది రేపు చదివితే ఏమీ గుర్తు రాదు. “అబ్బాయికి జ్వరం వచ్చిన రోజు పక్కింటి వదిన ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయింది” అని రాయండి. ఏమీ తోచని రోజు కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. లేనిదాన్ని కల్పించి రాస్తే పుస్తకం మొత్తం మీద నమ్మకం పోతుంది.

గుడికి పోవడం మానకండి. హెబ్రీ 10:23-25లో నిరీక్షణను గట్టిగా పట్టుకోమన్న మాటకూ, కూడుకోవడం మానొద్దన్న మాటకూ మధ్య ఒక్క వచనమే ఉంది. మీరు పాడలేకపోతే కూర్చోండి, పక్కవాళ్లు పాడతారు. పక్షవాయువుగలవాణ్ణి నలుగురు మోసుకొచ్చినప్పుడు యేసు “వారి విశ్వాసము” చూశాడని మార్కు 2:5 చెప్తుంది. సంఘంలో నోరు భద్రంగా ఉంచుకునే ఒక పెద్దావిడను చూసుకోండి. ఆమెను ఒకటే అడగండి: “సలహాలేమీ వద్దు పెద్దమ్మా, వారానికొకసారి వచ్చి రోమా 8:18 నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించు.” అంతే చాలు. ప్రభు బల్ల ఉన్న ఆదివారం తప్పకుండా వెళ్లండి. “ఆయన వచ్చువరకు” ఆయన మరణాన్ని ప్రచురిస్తాం అని 1 కొరింథీ 11:26. మీ నోట ఒక్క మాట రాకపోయినా ఆ రొట్టె చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన వస్తాడని చెప్పినట్టే. ముందు చెప్పిన సాక్ష్యం గురించి ఎవరైనా అడిగితే, “దేవుణ్ణి అడిగాను, ఇంకా రాలేదు, ఇంకా ఆయన దగ్గరే ఉన్నాను” అనండి. ఇది కూడా సాక్ష్యమే. ఎమ్మాయు దారిలో పోతున్న ఇద్దరు శిష్యులు “మేము నిరీక్షించియుంటిమి” అని అయిపోయిన సంగతిలా చెప్పుకున్నారు. ఆ మాట చెప్తున్నది లేచిన ప్రభువుకే అని వాళ్లకు తెలియలేదు.

అప్పు సంగతి దాటేయలేం. అబ్రాహాము తన శరీరం మృతతుల్యమైన సంగతి ఆలోచించుకునే నమ్మాడని రోమా 4:19. ఉన్న లెక్క చూడకుండా నిరీక్షించమని దేవుడు ఎవరికీ చెప్పలేదు. ఒక కాగితం మీద ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ అని రాయండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, లక్షకు నెలకు 3,000. బ్యాంకులో 3 లక్షల లోపు పంట రుణం గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. చేతికి ఏ కొంచెం వచ్చినా ఎక్కువ వడ్డీ బాకీకే ముందు కట్టాలి. నాలుగో బోరు మాట ఈ ఏడాది వద్దు. “విత్తనపు కానుక వేస్తే నూరంతలు వస్తుంది” అని ఎవరైనా అడిగితే అప్పు తెచ్చి ఇవ్వకండి. కలిమి కొలదియే ఇచ్చినది ప్రీతికరమని, శక్తికి మించి కాదని 2 కొరింథీ 8:12 స్పష్టంగా చెప్తోంది.

కాగితం రాయడం ఆత్మీయమైన పనే. నగరం ముట్టడిలో ఉండగా, తాను చెరసాల ప్రాకారంలో ఉండగా, యిర్మీయా అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులను పెట్టాడు, దస్తావేజులు రాసి మట్టికుండలో దాచమన్నాడు (32వ అధ్యాయం). మళ్లీ ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ కొంటారని దేవుడు చెప్పిన మాట మీద చేసిన పని అది. మీరూ చిన్నదొకటి చేయండి. పెరట్లో నాలుగు చిక్కుడు గింజలు పెట్టండి. అబ్బాయి పదో తరగతి తర్వాత ఏం చదవాలో వాడితో కూర్చుని మాట్లాడండి. ఆదివారం రాత్రి మీ ఆయన ఫోన్ చేసినప్పుడు అప్పు లెక్క చెప్పే ముందు ఇద్దరూ ఒక కీర్తన చదువుకోండి.

ఎన్నాళ్లకు తేరుకుంటానని అడుగుతారేమో. ఇంకో గడువు పెట్టం. రోమా 5:3-4లో శ్రమ, ఓర్పు, పరీక్ష, ఆ తర్వాతే నిరీక్షణ వస్తుంది. మొదట సంతోషం రాకపోవచ్చు. వేరొకరి కోసం ప్రార్థించాలనిపించడం, ఇంకొకరి సాక్ష్యం విన్నప్పుడు మనసు మండకపోవడం, ఒక రాత్రి తెలియకుండానే నిద్రపట్టడం, ఇలాంటివి ముందు కనబడతాయి.

అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా వదలొద్దు, గద్దించొద్దు కూడా. “దేవుడు మాట తప్పలేదు నాయనా. ఆయన ఏడాది అనలేదు, ఆ మాట నేను కలుపుకున్నాను. నాకూ బాధగానే ఉంది” అని చెప్పండి. తల్లి ఇలా నిజం చెప్తే పదిహేనేళ్ల పిల్లవాడికి దేవుడి మీద నమ్మకం తగ్గదు. వాడితో కూర్చుని యిర్మీయా 28, 29 చెరొక అధ్యాయం చదవండి. రెండేళ్లన్న హనన్యా, 70 ఏళ్లన్న యిర్మీయా, వీళ్లలో నువ్వు అక్కడుంటే ఎవరి మాట నమ్మేవాడివి, ఎందుకు అని అడగండి. హనన్యా అన్నా పరవాలేదు, ఎందుకన్నాడో పూర్తిగా చెప్పనివ్వండి.